ఓవెన్స్ నది ఒడ్డున: పోరెపంకా యాత్ర

గురువారం

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నగరానికి ఈశాన్యంగా 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, బక్‌లాండ్ నది వచ్చి ఓవెన్స్ నదిలో కలిసే చోట పోరెపంకా అనే చిన్న గ్రామం ఉంది. యుద్ధాలలో మరణించిన సైనికులను స్మరించుకుంటూ ఏప్రిల్ 25న జరుపుకునే ఆంజాక్ దినం శుక్రవారం రావడంతో వారాంతం కలిసివచ్చింది. ప్రకాశం జిల్లా నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన అమ్మానాన్నలకు సముద్రతీరాలూ నగరపు మేడలూ కాక ఈ దేశపు పల్లెను చూపించాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉంది. అందుకే పేరున్న హోటళ్లను పక్కనబెట్టి, పోరెపంకాలో నది ఒడ్డున ఒక కుటుంబం తరతరాలుగా నడుపుతున్న హాలిడే పార్కులో రెండు గదుల క్యాబిన్ ముందుగానే తీసుకున్నాము.

హ్యూమ్ రహదారి మీద సేమర్, యురోవా, బెనాల్లా ఊళ్లు వెంటవెంటనే వెనకబడ్డాయి. 1880 జూన్‌లో నెడ్ కెల్లీ అనే బందిపోటు ఇనుప కవచం ధరించి పోలీసులతో చివరిసారి తలపడిన గ్లెన్‌రోవన్‌లో టీ తాగడానికి మాత్రమే ఆగాము. వాంగరట్టా దగ్గర పెద్ద రహదారిని విడిచి గ్రేట్ ఆల్పైన్ రోడ్డు ఎక్కగానే రెండు వైపులా కొండలు దగ్గరపడి, వాటి నడుమ ఓవెన్స్ లోయ మొదలైంది. ఈ నదికి ఆ పేరు పెట్టినవారు 1824లో ఈ దారిన వచ్చిన అన్వేషకులు హ్యూమ్, హోవెల్. అంతకు వేల ఏళ్ల ముందు నుంచే టౌంగురుంగ్, దుధురోవా, వేవురు మొదలైన ఆదివాసులు ఈ లోయల్లో తిరుగాడుతూ, బొగాంగ్ చిమ్మటలు ఎత్తయిన కొండరాళ్ల సందుల్లో చేరే వేసవి నెలల్లో పైకి వెళ్లి, ఆ చిమ్మటలను కాల్చి తింటూ సామూహికంగా ఉత్సవాలు జరుపుకునేవారు.

మర్టిల్‌ఫర్డ్ దాటుతుండగా నాన్న కారు ఆపమన్నారు. రోడ్డుకు కొంచెం దూరంలో, గడ్డిమైదానం మధ్యన, తుప్పు పట్టిన రేకులతో, కిటికీలు లేకుండా, పొడవుగా నిటారుగా నిలబడిన కట్టడాలు వరసగా ఉన్నాయి. నేను ఈ దారిలో ఇంతకుముందు వెళ్లినప్పుడు వాటిని గడ్డి నిల్వచేసే కొట్టాలనుకుని దాటిపోయాను. నాన్న మాత్రం దిగీ దిగకముందే, "ఇవి బ్యారన్లురా, పొగాకు బ్యారన్లు," అన్నారు. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదులన్నమాట. కొండపి దగ్గర మాకున్న పొలంలో నాన్న ముప్పై ఏళ్లకు పైగా వర్జీనియా పొగాకు పండించారు. బ్యారన్ కింద కట్టెలు ఎగదోస్తూ, ఆకు పసుపుకు తిరిగేదాకా వేడిని తక్కువగానూ, ఈనె ఎండే దశలో ఎక్కువగానూ నిలుపుతూ, రాత్రుళ్లు ఉష్ణమాపకం చూసుకుంటూ మేలుకున్న మనిషికి ఆ ఎత్తును, కింది భాగంలోని పొయ్యి నోటిని, పైన గాలి పోవడానికి తెరిచే తలుపును గుర్తుపట్టడానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కంచె దాటి లోపలికి వెళ్లలేదు గాని, కంచె పక్కనే నిలబడి ఒక్కొక్క బ్యారన్‌లో ఎన్ని అంతరువుల కర్రలు పట్టి ఉంటాయో ఆయన లెక్కవేసుకున్నారు. ఈ యాత్రలో మేము చూసినవన్నీ ఆ రేకుల కట్టడాల చుట్టూనే అల్లుకుంటాయని అప్పుడు నాకు తెలియదు.

పార్కు చేరేసరికి పొద్దు వాలింది. ఏప్రిల్ చివరలో ఇక్కడ సాయంత్రం అయిదున్నర దాటగానే సూర్యుడు కొండల వెనక్కి వెళ్లిపోతాడు. మన పాఠకులకు హాలిడే పార్కు అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఇది ఆటల పార్కూ కాదు, హోటలూ కాదు. నది ఒడ్డున ఉన్న విశాలమైన పచ్చిక స్థలాన్ని చిన్న చిన్న మడులుగా విభజించి, ఒక్కొక్క మడికి కరెంటు, నీటి కుళాయి అమర్చి, కారవాన్లతోనో (కారు వెనక లాక్కొచ్చే చక్రాల ఇళ్లు) గుడారాలతోనో వచ్చేవారికి రోజుల లెక్కన అద్దెకిస్తారు. ఆ రెండూ లేని మాబోటివారికి వంటగది, స్నానాలగది ఉన్న చెక్క క్యాబిన్లు ఉంటాయి. అందరికీ కలిపి ఒక వంటశాల, స్నానాల కట్టడం, బట్టలుతికే యంత్రాలు, పిల్లలు ఎగరడానికి గాలి నింపిన పెద్ద దిండు ఉంటాయి. వీటికి తోడు, తమ కారవాన్‌ను ఏడాది పొడవునా అక్కడే ఉంచి, దానికి ముందు వరండా కట్టుకుని, ఏటా అద్దె చెల్లించే పాతకాపులు ఉంటారు. ఒకే కుటుంబం మూడు తరాలుగా ఒకే మడికి వస్తున్న ఉదాహరణలు ఇలాంటి పార్కుల్లో సాధారణమే.

ఆఫీసులో యజమానురాలు మా పేరు చూసి తాళంచెవి ఇస్తూ, చేత్తో గీసిన పటం మీద మా క్యాబిన్‌ను, నదిలోకి దిగే మెట్లను, పిల్లలు దిగకూడని మలుపును పెన్సిలుతో గుర్తుపెట్టారు. ఒడ్డున పడి ఉన్న కొమ్మలను మంటకు వాడవద్దనీ, అవి నదిలో చేపలకూ ఒడ్డున పురుగులకూ నివాసమనీ, కట్టెలు కావాలంటే ఆఫీసు దగ్గర సంచుల్లో దొరుకుతాయనీ చెప్పారు. రాత్రి పది దాటాక సందడి ఉండకూడదన్న నియమాన్ని ఆవిడ భర్త స్వయంగా ఒక చుట్టు తిరిగి చూసుకుంటారట. అమ్మకు ఈ మాటలన్నీ తెలుగులో చెప్పాక, "మన ఊరి చెరువుకు కూడా ఇట్లా ఒకళ్లు ఉంటే బాగుండేది," అంది.

శుక్రవారం

తెల్లవారుజామున బ్రైట్ పట్టణంలో ఆంజాక్ స్మరణ సభకు పార్కులోని చాలామంది వెళ్లివచ్చారు. మేము పెద్దవాళ్ల చలి దృష్ట్యా వెళ్లలేదు. తెల్లవారాక నది మీద పొగమంచు విడిపోతుండగా ఒడ్డుకు వెళ్లాము. ఓవెన్స్ ఇక్కడ వెడల్పయిన నది కాదు. హారియట్‌విల్ దగ్గర రెండు పాయలు కలిసి ఏర్పడి, గులకరాళ్ల మీదుగా వేగంగా పారుతూ, సుమారు 190 కిలోమీటర్లు ప్రయాణించి మల్వాలా సరస్సు దగ్గర మర్రే నదిలో కలుస్తుంది. మర్రే-డార్లింగ్ పరీవాహక ప్రాంతంలోని నదులలో అధికభాగం పెద్ద ఆనకట్టల చేతిలో ఉండగా, ఓవెన్స్ మాత్రం చాలావరకు తన ఇష్టప్రకారమే పారుతున్న కొద్ది నదులలో ఒకటి. కొండల మీద మంచు కరిగితే పెరుగుతుంది, వేసవిలో తగ్గుతుంది. ఈ స్వేచ్ఛ చేపలకు, ఒడ్డున ఉన్న అడవికి మేలు చేస్తుంది. ఒడ్డున వ్యాపారం చేసే కుటుంబానికి మాత్రం నదిని ప్రతిరోజూ చూస్తూ ఉండక తప్పదు.

పార్కు కింది భాగంలో ఒక కొయ్య మీద అంకెలు గీసి ఉన్నాయి. యజమాని రోజూ పొద్దున నీటిమట్టాన్ని చూసి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆయన తాత పాడి పశువులను మేపిన బీడులో గుడారాల వారికి చోటివ్వడంతో ఈ పార్కు మొదలైందట. ఆ తాత మొదలుపెట్టిన అలవాటే ఈ నోటుపుస్తకం. 2022 అక్టోబరులో ఉత్తర విక్టోరియాలో చాలా నదులు పొంగినప్పుడు ప్రభుత్వ హెచ్చరికలతో పాటు ఈ కొయ్యను కూడా గంటకోసారి చూసుకుంటూ, దిగువ మడుల్లోని కారవాన్లను ట్రాక్టరుతో పైకి లాగారట. అందుకే నది పక్క మడుల్లో చక్రాలు తీసేసిన కారవాన్లను ఉండనివ్వరు. ఒడ్డున విల్లో చెట్లను కొట్టించి, వాటి స్థానంలో ఇక్కడి నేలకు చెందిన యూకలిప్టస్ జాతులను నాటిన వరసను కూడా చూపించారు. యూరప్ నుంచి తెచ్చి నాటిన విల్లోలు కంటికి అందంగా ఉన్నా, వాటి వేళ్లు నదీగర్భంలోకి పాకి ప్రవాహాన్ని అడ్డగించి ఒడ్డును కోతకు గురిచేస్తాయి. ఈశాన్య విక్టోరియా నదుల వెంట వాటిని తొలగించే పని చాలా ఏళ్లుగా జరుగుతోంది. నీడ పోయిందని కోప్పడిన అతిథులూ ఉన్నారని, కొత్త మొక్కలు నీడనిచ్చేదాకా కొంత ఆదాయం తగ్గినా సరేననుకున్నామని ఆయన చెప్పారు. ఇది నాకు గొప్ప విషయంగా తోచింది. అద్దె మీద బతికే వ్యాపారంలో ఇరవై ఏళ్ల తరువాతి నీడ కోసం ఈనాటి నీడను వదులుకోవడం, తన పిల్లలు కూడా ఇక్కడే ఉంటారని నమ్మే కుటుంబానికి సాధ్యమయ్యే పని.

పొద్దున ఫలహారం అమ్మ చేతి పెసరట్లు. వంటశాలలోని వెడల్పయిన గ్యాసు పెనం మీద ఒకేసారి నాలుగు పోయవచ్చని తెలిశాక అమ్మ ఉత్సాహం చెప్పనలవి కాదు. పక్క పొయ్యి దగ్గర గుడ్లు వేయించుకుంటున్న ఒక కుటుంబానికి కూడా అల్లం పచ్చడితో రెండేసి పెట్టింది.

మధ్యాహ్నం సైకిళ్లు అద్దెకు తీసుకుని నేను, మా ఆవిడ, పాప రైలు బాట మీద బ్రైట్‌కు వెళ్లాము. వాంగరట్టా వైపు నుంచి 1890లో బ్రైట్ దాకా వచ్చిన రైలు మార్గాన్ని 1980లలో మూసివేశారు. పట్టాలు తీసేసిన ఆ కట్ట మీదనే ఇప్పుడు మర్రే టు మౌంటెన్స్ రైల్ ట్రెయిల్ అనే నున్నటి సైకిలు బాట ఉంది. రైలు ఎక్కే వాలు కాబట్టి ఎక్కడా నిటారైన ఎత్తు లేదు. చిన్నపిల్లలు కూడా ఆయాసపడకుండా తొక్కగలరు. బ్రైట్‌లో దారులన్నీ ఎరుపు, పసుపు, రాగి రంగుల్లో ఉన్నాయి. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్ అంటే శరదృతువు. ఆస్ట్రేలియా స్వదేశీ చెట్లు చాలావరకు ఈ రుతువులో ఆకు రాల్చవు. ఈ రంగులన్నీ వలస వచ్చినవారు నాటిన ఎల్మ్, ఓక్, మేపుల్, పాప్లర్ చెట్లవి. డెలానీ అవెన్యూలో రోడ్డుకిరువైపులా అవి ఒకదానినొకటి అందుకుంటాయి. వాటిని చూడడానికే ఏటా ఏప్రిల్ చివర, మే మొదట్లో ఇక్కడ ఆటమ్ ఫెస్టివల్ జరుగుతుంది. ఆ రోజుల్లో ఈ పట్టణంలోనూ చుట్టుపక్కల పార్కుల్లోనూ ఖాళీ దొరకడం కష్టం.

బ్రైట్‌లో ఓవెన్స్ నది పక్కన కాన్యన్ వాక్ అనే కాలిబాట ఉంది. బంగారం వేటలో గనికార్మికులు రాతిని తొలిచి నీళ్లను మళ్లించిన కాలువలు, ఇరుకైన కోతలు ఆ దారి వెంట నేటికీ కనబడతాయి. ఇసుకలో బంగారు రేణువులు అయిపోయాక వచ్చిన పెద్ద డ్రెడ్జర్ యంత్రాలు నదీ తీరపు పొలాలను మట్టం కింది దాకా తవ్వి, రాళ్ల కుప్పలను వెనక వదులుతూ పోయాయి. ఎగువన హారియట్‌విల్‌లో 1940లు, 50లలో పనిచేసిన డ్రెడ్జర్ వదిలిన గుంత ఇప్పుడు ఊరివారు ఈతకొట్టే చెరువుగా మారింది. ఇంత నిర్మలంగా కనిపించే నీటి కింద ఇంత తవ్వకం జరిగిందంటే నమ్మబుద్ధి కాదు. బాట పక్కన గుట్టలుగా పడి ఉన్న గులకరాళ్లను చూశాక నమ్మక తప్పదు.

శనివారం

బ్రైట్‌కు దక్షిణంగా, మోర్సెస్ క్రీక్ అనే వాగు లోయలో వాండిలిగాంగ్ అనే గ్రామం ఉంది. ఒక భవనమో ఒక వీధో కాకుండా ఈ పల్లె లోయ మొత్తాన్నీ నేషనల్ ట్రస్టు వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. బంగారం రోజుల్లో వేలమందితో కిటకిటలాడిన ఈ ఊళ్లో ఇప్పుడు ఒక దుకాణం, చిన్న బడి, పాత గ్రంథాలయం, చెక్క ఇళ్లు, ఆపిల్ తోటలు, వాల్‌నట్, చెస్ట్‌నట్ చెట్లు మిగిలాయి. డిగ్గింగ్స్ వాక్ పేరుతో ఉన్న కాలిబాట వాగు మీద ఒక ఊగే వంతెనను దాటిస్తుంది. ఆ వంతెనకు చైనా వంతెన అని పేరు. నాన్న మోకాళ్ల నొప్పివల్ల వంతెన దాకానే వచ్చి, అక్కడి బల్ల మీద కూర్చున్నారు.

ఆ వంతెన పేరు దగ్గరే ఈ లోయ చరిత్రలోని అతి బాధాకరమైన అధ్యాయం మొదలవుతుంది. ఓవెన్స్ బంగారు క్షేత్రం 1852లో బీచ్‌వర్త్ దగ్గర మొదలై, మరుసటి ఏటికల్లా బక్‌లాండ్ లోయకు పాకింది. దక్షిణ చైనా నుంచి వచ్చినవారు ఐరోపావారు విడిచివెళ్లిన గుంటలను మళ్లీ శ్రద్ధగా జల్లించి బతికేవారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం ఓడరేవులో దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌన్ల పన్ను వేసింది. ఆ పన్ను కట్టలేనివారు పొరుగున ఉన్న సౌత్ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, వందల కిలోమీటర్లు బంగారు క్షేత్రాల దాకా నడిచి వచ్చారు. 1857 నాటికి బక్‌లాండ్ లోయలో ఉన్న చైనీయులు సుమారు 2000 మంది. 1857 జూలై 4న, చలికాలపు నడిమధ్యలో, ఐరోపా గనికార్మికులు కొందరు సభ పెట్టుకుని చైనీయులను వెళ్లగొట్టాలని తీర్మానించి, గుడారాలను, దుకాణాలను, కొత్తగా కట్టుకున్న ఆలయాన్ని తగలబెట్టి, మొత్తం జనాన్ని లోయ దిగువకు తరిమారు. కనీసం ముగ్గురు మరణించారు. బీచ్‌వర్త్ నుంచి పోలీసులను తీసుకువచ్చిన అధికారి రాబర్ట్ ఒహారా బర్క్. కొన్నేళ్ల తరువాత ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే అన్వేషక బృందానికి నాయకత్వం వహించి ఎడారిలో మరణించినవాడు ఆయనే. పట్టుబడినవారిలో అధికులను జ్యూరీలు విడిచిపెట్టాయి.

మధ్యాహ్నం బక్‌లాండ్ లోయ దారిలో కొంత దూరం వెళ్లాము. నది పక్కన గుడారాలు, పిల్లల నవ్వులు, చేపలు పట్టేవారి గాలాలు ఉన్నాయి. ఈ ప్రాంతపు ప్రచార పత్రాలలో బంగారం జల్లించే పళ్లేల సరదా గురించి ఉన్నంతగా 1857 గురించి ఉండదు. అది సరికాదని నా అభిప్రాయం. ఈ లోయలో బతికిన ప్రతి తరమూ ఎక్కడి నుంచో వచ్చినవారి చేతుల మీదనే నిలిచింది. ఆ చేతుల్లో కొన్నిటిని తరిమికొట్టారన్న నిజాన్ని కూడా పిల్లలు ఇదే నది ఒడ్డున వినాలి. మా పాపకు అర్థమయ్యే మాటల్లో ఆ కథ అక్కడే చెప్పాను.

సాయంత్రం పార్కులో జరిగిన సంభాషణ ఈ యాత్రకంతటికీ ముఖ్యమైనది. మా క్యాబిన్‌కు ఎదుటి మడిలో ఏళ్ల తరబడి ఉంటున్న ఎనభై దాటిన ఒక పెద్దాయన మంట వేసుకుని చెస్ట్‌నట్లు కాలుస్తూ, ముందురోజు తిన్న పెసరట్టుకు బదులుగా మమ్మల్ని పిలిచారు. ఇటలీలో పుట్టి, చిన్నతనంలో తల్లిదండ్రులతో ఓడలో వచ్చి, మర్టిల్‌ఫర్డ్ దగ్గర పొగాకు చేలల్లో పెరిగినవాడాయన. ఆ మాట నేను తెలుగులో చెప్పగానే నాన్న కుర్చీని దగ్గరకు జరుపుకున్నారు.

నేను దుభాషిగా కూర్చున్నానే గాని చాలాసేపటికి నా అవసరం లేకపోయింది. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి, ఒక ఊహించిన కర్రకు అటొక గుప్పెడు ఆకులు, ఇటొక గుప్పెడు ఆకులు దారంతో కట్టే తీరు చూపించారు. నాన్న అదే కర్రను గాల్లో అందుకుని బ్యారన్‌లో పై అంతరువుకు అందించే తీరు చూపించారు. పొగాకు జిగురు చేతులకు నల్లగా అంటుకుని సబ్బుకు పోదని ఇద్దరూ ఒకేసారి అరచేతులు చూపారు. అక్కడ నేను చెప్పవలసిన మాట ఏమీ లేకపోయింది. రెండో ప్రపంచ యుద్ధానంతరం వచ్చిన ఇటలీ కుటుంబాలకు భూమి లేదు. భూస్వామి నేలనూ బ్యారన్లనూ ఇస్తే, కుటుంబమంతా కష్టపడి పంట తీసి, వచ్చిన డబ్బును పాలు పంచుకునేవారు. మన దగ్గర పాలికి చేయడం అనే మాటకు ఇక్కడి పద్ధతి దాదాపు సమానం. నీలి బూజు తెగులు వచ్చిన ఏడు నారుమళ్లు కుళ్లిపోయి, అప్పులు మిగిలేవట. అలా పాలికి చేసి కూడబెట్టి, తరువాత సొంత పొలాలు కొనుక్కున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివరలో ఈ ప్రాంతపు లోయల్లో పొగాకును మొదట గట్టిగా సాగుచేసినవారిలో చైనీయులు ఉన్నారన్నది కూడా ఆయన నోటనే విన్నాను. "వాళ్లు వేసిన చాళ్లలోనే మేము నడిచాము," అని ఆయన అన్న మాటను నాన్నకు మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

చివరికి ఎలా ఆగిపోయిందని నాన్న అడిగారు. 2006లో సిగరెట్టు కంపెనీలు ఇక్కడి ఆకును కొనడం మానుకుంటున్న సమయంలో, లైసెన్సులు వదులుకున్న రైతులకు పరిహారమిచ్చి సాగును ముగించారు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో లైసెన్సుతో పొగాకు పండించే రైతు ఒక్కరూ లేరు; లైసెన్సు లేకుండా పండిస్తే అది నేరం. ఆ పరిహారం డబ్బుతో కొందరు ద్రాక్ష, కొందరు బీరులో వాడే హాప్స్, కొందరు పశువుల వైపు మళ్లారు. మరికొందరు ఇళ్లను అతిథులకు అద్దెకిచ్చారు. పెద్దాయన పొలం అమ్మి, ఈ మడిలో కారవాన్ పెట్టుకున్నారు. పక్కనే ఉన్న యజమాని, తమ పార్కు కూడా 2020 జనవరిలో అలాగే మూతపడుతుందనుకున్నామని చెప్పారు. అడవి మంటల కారణంగా ఆ నెల 2న రాష్ట్ర ప్రభుత్వం విపత్తు స్థితి ప్రకటించి, ఈ పర్వతప్రాంతాల నుంచి పర్యాటకులందరూ వెళ్లిపోవాలని కోరింది. ఏడాది ఆదాయంలో పెద్దవంతు వచ్చే జనవరిలో పార్కు మొత్తం ఖాళీ అయింది. ఆ పొగ విడవకముందే కోవిడ్ వచ్చింది. ఏటా వచ్చే పాత అతిథులు ముందే కట్టిన డబ్బును వెనక్కి అడగకుండా తరువాతి ఏడాదికి ఉంచమన్నందువల్లనే నిలబడ్డామని ఆయన చెబుతున్నప్పుడు గొంతు కొంచెం వణికింది.

ఆదివారం

పోరెపంకా నుంచి చూస్తే పడమటి దిక్కున నల్లటి గోడగా నిలిచేది మౌంట్ బఫెలో. 1898 నుంచీ ఇది సంరక్షిత జాతీయ ఉద్యానం. పూర్వం పర్యాటకులు మెల్‌బోర్న్ నుంచి రైల్లో పోరెపంకా స్టేషనుకు వచ్చి, అక్కడి నుంచి బళ్లలో ఈ కొండ ఎక్కేవారు. అంటే ఈ గ్రామం అతిథులకు అన్నం పెట్టడం కారవాన్ల కాలం కన్నా ముందే మొదలుపెట్టింది. కొండ మీద ప్రభుత్వం 1910లో కట్టించిన శాలే అనే చెక్క విడిది భవనం చాలా ఏళ్లుగా అతిథులకు మూసి ఉంది. దాని ముందున్న బెంట్స్ లుకౌట్ నుంచి లోయను చూస్తే, కింద నది ఒక సన్నని చెట్ల గీతగా మాత్రమే తెలుస్తుంది. గుండ్రాళ్ల మధ్యన మంచుగాలికి మెలితిరిగిన స్నో గమ్ చెట్ల బెరడు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు ఉన్నాయి. 1723 మీటర్ల ఎత్తున్న హార్న్ శిఖరం దాకా పాపను తీసుకుని మా ఆవిడ వెళ్లింది. మేము కటాని సరస్సు ఒడ్డునే ఉన్నాము.

గైడ్ ఆలిస్‌గా పేరొందిన ఆలిస్ మాన్‌ఫీల్డ్ గురించి ఇక్కడ తప్పక చెప్పాలి. కొండ దగ్గర విడిది నడిపిన కుటుంబంలో పుట్టిన ఆమె, స్త్రీలు లంగాలతోనే కొండలెక్కాలనే ఆ రోజుల్లో తానే కుట్టుకున్న ప్యాంటు ధరించి, దశాబ్దాలపాటు యాత్రికులకు ఈ రాళ్లన్నిటినీ చూపించింది. ఇక్కడి లైర్ పక్షుల ఫోటోలు తీసింది. కుటుంబం నడిపే విడిది అన్నది ఈ లోయలో ఎంత పాత వృత్తియో ఆమె జీవితం చెబుతుంది.

కొండ దిగాక యూరోబిన్ దాకా వెళ్లి, 1890లో మొదలైన రోస్ట్రెవర్ హాప్ తోటలను చూసి వచ్చాము. బీరుకు చేదునిచ్చే ఈ తీగల పంట మార్చిలోనే కోతకు వస్తుంది కాబట్టి ఎత్తయిన స్తంభాలు, వాటి మధ్య ఇనుప తీగలు మాత్రమే మిగిలి, కాపు దించేసిన దొండపందిరిలాగా బోసిగా ఉన్నాయి. చీకటిపడే వేళ పాప నది ఒడ్డున కదలకుండా కూర్చుంది. బాతుముక్కు లాంటి మూతి ఉన్న ప్లాటిపస్ అనే నీటి జంతువు కనబడుతుందని యజమానురాలు చెప్పిన మలుపు అది. నీటి మీద బుడగలు వరసగా రావడం, ఒక గోధుమరంగు వీపు క్షణకాలం తేలడం అందరం చూశాము.

సోమవారం

పది గంటలకు క్యాబిన్ ఖాళీ చేయాలి. మరుసటి ఏప్రిల్‌కు కూడా ఇదే క్యాబిన్ కావాలని అడిగితే, ఆ తేదీలు మళ్లీ కావాలా అని వెళ్లేవారినే ముందు అడుగుతామని, వద్దన్నాకనే ఇతరులకు ఇస్తామని యజమానురాలు చెప్పి మా పేరు రాసుకున్నారు. అమ్మ మిగిలిన కందిపొడి సీసాను ఆవిడకు ఇచ్చింది; అన్నంలో నెయ్యితో కలుపుకోవాలని నేను కాగితం మీద రాసిపెట్టాను.

ఇంటిదారిని కొంచెం చుట్టుతిప్పి బీచ్‌వర్త్ మీదుగా వచ్చాము. తేనెరంగు గ్రానైటు రాళ్లతో కట్టిన కోర్టు, ఖజానా, జైలు ఒకే వీధి చుట్టూ ఉన్న ఈ పట్టణాన్ని చాలామంది నెడ్ కెల్లీ కోసం చూస్తారు. మేము నేరుగా శ్మశానానికి వెళ్లాము. అక్కడ చైనీయుల విభాగంలో, చనిపోయినవారి కోసం కాగితపు ప్రార్థనలను కాల్చడానికి 1850లలో కట్టిన రెండు ఇటుక గోపురాలు ఉన్నాయి. వాటి చుట్టూ చైనా లిపి చెక్కిన చిన్న రాళ్లు వరసలు వరసలుగా నిలిచి ఉన్నాయి. బక్‌లాండ్ నుంచి తరిమివేయబడినవారిలో కొందరు చివరికి ఈ రాళ్ల కింద ఉండి ఉండవచ్చు. నాన్న చెప్పులు విడిచి, చేతులు జోడించి ముందుకు నడిచారు.

హ్యూమ్ రహదారి మీద మాటలన్నీ పొగాకు మీదకే మళ్లాయి. మన దగ్గర గుంటూరు కేంద్రంగా 1976 నుంచి ఉన్న పొగాకు బోర్డు ఏటా ఎంత పండించాలో నిర్ణయిస్తుంది. బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి. ఆకును కొండపి లాంటి వేలం కేంద్రాలకు బేళ్లుగా తీసుకువెళ్లాలి. ధర బాగున్న ఏడు ఇంకా బ్యారన్లు కట్టాలనిపిస్తుంది, పడిపోయిన ఏడు అప్పులు మిగులుతాయి. ఏదో ఒకరోజు ప్రకాశంలో కూడా కొనేవారు తప్పుకుంటే రైతుకు ఏమిస్తారని నాన్న అడిగారు. లైసెన్సుకు పరిహారం ఇస్తారా, బ్యారన్ కట్టిన ఖర్చు ఇస్తారా, కౌలుదారుకు ఇస్తారా లేక పట్టాదారుకే ఇస్తారా, శనగ, మినుము, కంది వేసుకుంటే గిట్టుబాటు ధర ఎవరు చూస్తారు? ఊరికి తిరిగి వెళ్లాక తోటి రైతుల దగ్గర మాట్లాడడానికి ఈ ప్రశ్నలన్నిటినీ సేమర్ దాటేలోపు పాప పుస్తకంలో వెనక పేజీ మీద పాప చేత ఇంగ్లీషులో రాయించి, తన చేత్తో తెలుగులో రాసుకున్నారు. మర్టిల్‌ఫర్డ్ రైతులకు 2006లో ఏయే లెక్కన చెల్లించారో ఆ పెద్దాయనను ఫోనులో అడిగి తెలుసుకునే పని నాకు అప్పగించారు.